‘ది నైన్ టైలర్స్’ పాత కాపీ కొన్నవారికి: ఆ గంటల పేజీలు దాటేయకండి

మీరు అడిగినవి మూడు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 60 రూపాయలకి డొరొతీ ఎల్. సేయర్స్ 1934 నాటి డిటెక్టివ్ నవల ‘ది నైన్ టైలర్స్’ పాత పేపర్‌బ్యాక్ కొన్నారు. యాభై పేజీలు చదివినా శవం కనబడలేదు, చర్చి గంటల గోల తప్ప కథ లేదు, కొనసాగించాలా అన్నది మొదటిది. కాపీకి ఏమైనా విలువ ఉందా అన్నది రెండోది. పేజీలు గోధుమరంగుకి తిరిగి ముక్కిన వాసన వస్తోంది, ఏం చేయాలన్నది మూడోది.

కొనసాగించండి. విలువ దాదాపు లేదు. వాసనకి ఉపాయం ఉంది, చివర్లో చెబుతాను.

నేను గోదావరి డెల్టా కాలువల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. పాత ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలల పిచ్చి కాలేజీ రోజుల్లో పట్టింది, ఇంకా వదల్లేదు. ఈ నవలని మళ్ళీ మళ్ళీ చదివాను. ఉద్యోగానికీ దీనికీ సంబంధం ఏమిటో కాసేపట్లో మీకే తెలుస్తుంది. హంతకుడెవరు, చావు ఎలా వచ్చింది అన్న సంగతి మాత్రం ఇక్కడ ఎత్తను. నిశ్చింతగా చదవండి.

ముందు మీ విసుగు గురించి. మనలో చాలామంది కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు చదివి ఈ దారిలోకి వచ్చినవాళ్ళం. మనకి కథ మొదట్లోనే ఫోన్ మోగాలి, కారు బయల్దేరాలి. ఈ నవలలోనూ మొదటి పేజీలోనే కారుంది, కానీ అది గోతిలో పడి ఆగిపోతుంది. డిసెంబరు 31 సాయంత్రం, మంచు కురుస్తుండగా సేయర్స్ డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ, అతని పనివాడు బంటర్ తూర్పు ఇంగ్లండ్‌లో దారి తప్పుతారు. నడిచి నడిచి ఫెన్‌చర్చ్ సెయింట్ పాల్ అనే పల్లెకి చేరతారు. అక్కడి చర్చి రెక్టర్, అంటే ఊరి మతగురువు, వెనబుల్స్ వాళ్ళని ఇంట్లో పెట్టుకుంటాడు. ఊళ్ళో ఫ్లూ. ఆ రాత్రంతా గంటలు మోగించాలని ఎనిమిది మంది ఏర్పాటు చేసుకుంటే, వాళ్ళలో ఒకడు మంచం పట్టాడు. విమ్సీకి ఆ విద్య తెలుసు. మంచం పట్టినవాడి బదులు నిలబడి, అర్ధరాత్రి మొదలుపెట్టి తొమ్మిది గంటలసేపు తాడు లాగుతాడు. పొద్దున్న కారు బాగుచేయించుకుని వెళ్ళిపోతాడు. మీరు ఆగింది ఇక్కడే అయి ఉంటుంది.

శవం ఈస్టర్‌కి గాని బయటపడదు. ఊరి పెద్ద సర్ హెన్రీ థార్ప్ చనిపోతాడు. ఆ కొత్త సంవత్సరం నాడే పోయిన భార్య సమాధిలోనే ఆయన్నీ ఉంచాలని తవ్వితే, పైన ఎవరో తెలియని మగమనిషి శవం. ముఖం చిదికి ఉంది, రెండు చేతులూ మణికట్ల దగ్గర లేవు. రెక్టర్ విమ్సీకి ఉత్తరం రాస్తాడు. వేలిముద్రల్లేని, ముఖం లేని ఆ మనిషి ఎవరన్నది తేల్చడానికే సగం నవల పడుతుంది. అప్పుడు మీరు వెనక్కి తిరిగి ఆ మొదటి యాభై పేజీలు వెతుక్కుంటారు. ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి జ్వరం, ఏ తాళంచెవి ఎవరి దగ్గర, గంటలు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగాయి... అంతా అక్కడే రాసి ఉంది. పాఠకుడి ముందు పెట్టని ఆధారంతో డిటెక్టివ్ కేసు తేల్చకూడదన్న నియమం ఆ కాలం వాళ్ళకి చాలా పట్టింపు. రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు 1929లో ఇలాంటివి పది నియమాలుగా రాశాడు కూడా. 1930లో లండన్‌లో డిటెక్షన్ క్లబ్ పెట్టిన రచయితల్లో సేయర్స్ ఒకరు. ఫాదర్ బ్రౌన్ కథలు రాసిన చెస్టర్టన్ మొదటి అధ్యక్షుడు, 1949 నుంచి చనిపోయేదాకా ఈమే అధ్యక్షురాలు.

ఇక గంటలు. ఇది అర్థమైతే సగం అడ్డంకి పోతుంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

ఇంగ్లండ్ చర్చిల్లో వీళ్ళు గంటలతో పాట వాయించరు. మీకు చిరాకు వచ్చింది బహుశా అందుకే, రాగం కోసం చూసి ఉంటారు. గంటలన్నీ తలా ఒకసారి మోగితే ఒక వరస, ఆ క్రమాన్ని ప్రతిసారీ మారుస్తూ పోవడమే ఈ విద్య. అక్కడి గంట పెద్ద చక్రానికి బిగించి ఉంటుంది. మోగించే ముందు దాన్ని నోరు పైకి వచ్చేలా తలకిందులుగా నిలబెడతారు. తాడు లాగితే అది దాదాపు పూర్తి చుట్టు తిరిగి, ఒకసారి మోగి, మళ్ళీ నోరు పైకి పెట్టుకుని నిలబడుతుంది. మళ్ళీ లాగితే వెనక్కి ఒక చుట్టు. టన్నుల బరువున్న గంటలు కూడా ఇలాగే తిరుగుతాయి. అంత బరువు తిరుగుతున్నప్పుడు మనిషి దాన్ని ఇష్టమొచ్చినట్టు ఆపలేడు. కొంచెం ముందుకు తొందరపెట్టగలడు, లేదా నిలబడ్డచోట ఒక్క క్షణం పట్టి ఉంచగలడు. అంతే. అందుకే ఒక వరసకీ తర్వాతి వరసకీ మధ్య ఏ గంటైనా ఒక్క స్థానమే జరగగలదు, పక్కదానితోనే చోటు మార్చుకోగలదు.

నాలుగు గంటలతో చూడండి. అన్నిటికన్నా చిన్న గంటకి 1, పెద్దదానికి 4 అని పేరు పెడదాం. మొదట 1234. తర్వాత 2143, 2413, 4231, 4321, 3412, 3142, 1324, మళ్ళీ 1234. కాగితం మీద ఒకదానికింద ఒకటి రాసి, 1 అంకె వెంట పెన్సిల్‌తో గీత గీయండి. మొదటి చోటు నుంచి చివరికి జరిగి, అక్కడ ఒక్కసారి ఆగి, మెలమెల్లగా మొదటికి వస్తుంది. తాడు పట్టుకున్న మనిషి బుర్రలో ఉండేది ఈ గీతే. సంగీతజ్ఞానంతో పనిలేదు, లెక్క తప్పకపోతే చాలు. ఈ చిన్న బొమ్మని పుస్తకంలో బుక్‌మార్క్‌గా పెట్టుకోండి. కథ మధ్యలో ఒక అర్థంలేని కాగితం దొరుకుతుంది, అప్పుడు పనికొస్తుంది. ఇంతకంటే చెబితే మీ సరదా పాడుచేసినవాణ్ణవుతాను.

నియమం ఇంకొకటి ఉంది. ఒకసారి మోగిన వరస మళ్ళీ మోగకూడదు. నాలుగు గంటలకి 24 వరసలే సాధ్యం. ఆరింటికి 720, ఏడింటికి 5,040, ఎనిమిదింటికి 40,320. ఆ రాత్రి విమ్సీ జట్టు మోగించేది 15,840. తొమ్మిది గంటల సమయానికి లెక్క కట్టి చూడండి, నిమిషానికి ఇరవై తొమ్మిది చిల్లర. అక్కడి జట్లు ఐదువేల వరసలు మోగించడానికి మామూలుగా మూడు గంటలు తీసుకుంటాయి, కాబట్టి సేయర్స్ వేసిన వేగం సరిగ్గా ఉన్నట్టే. నవలా రచయితలు అంకెల దగ్గర చేతికొచ్చింది రాసేస్తారని అనుకునేవాళ్ళకి ఈ లెక్క చూపిస్తుంటాను. ఎనిమిది గంటల మీద 40,320 వరసలూ ఒకే జట్టు ఏకబిగిన మోగించిన సందర్భమూ ఉంది. 1963 జులైలో లఫ్‌బరా గంటల ఫౌండ్రీలో మోగించారు, 17 గంటల 58 నిమిషాలు పట్టింది.

‘కెంట్ ట్రెబుల్ బాబ్ మేజర్’ లాంటి పేర్లు చూసి టెన్షన్ పడకండి. మేజర్ అంటే ఎనిమిది గంటలు, ట్రిపుల్స్ అంటే ఏడు గంటలు చోట్లు మారుతూ ఎనిమిదోది చివర్లో స్థిరంగా మోగడం. బాబ్ అంటే జట్టు నాయకుడు మధ్యలో కేక వేసి దారి మళ్ళించడం. మిగతాదంతా పద్ధతి పేరు. నవలలోని నాలుగు భాగాలకీ ఇలాంటి పద్ధతుల పేర్లే పెట్టింది. అధ్యాయాల నెత్తిన కనిపించే వాక్యాల్లో చాలామటుకు ట్రాయిట్ అనే ఆయన గంటల మీద రాసిన పాఠ్యపుస్తకంలోవి. వాటిని మొదటిసారి చదివేటప్పుడు వదిలేసినా నష్టం లేదు. రెండోసారి చదివేటప్పుడు ఒక్కొక్కటీ ఆ అధ్యాయంలో జరిగేదాన్ని ఎంత చల్లగా చెబుతోందో చూస్తారు.

టైలర్లు ఎక్కడా లేరేమిటి అని కూడా మీకు అనిపించి ఉంటుంది. బట్టలు కుట్టేవాళ్ళతో సంబంధం లేదు. ఊళ్ళో ఎవరైనా పోతే పెద్ద గంట మోగించి ఆ కబురు తెలియజేస్తారు. పోయింది మగవాడైతే తొమ్మిది దెబ్బలు, మూడేసి చొప్పున. ఆ దెబ్బల పేరే టైలర్లు. ఆడమనిషికి ఆరు. తర్వాత పోయినవాళ్ళ వయసు ఎంతో అన్ని దెబ్బలు. పొలంలో ఉన్నవాడు లెక్కపెట్టుకుని ఎవరు పోయారో పోల్చుకుంటాడు. ఈ ఊరి ఎనిమిది గంటలకీ పేర్లున్నాయి: గౌడే, సబావొత్, జాన్, జెరికో, జూబిలీ, డిమిటీ, బ్యాటీ థామస్, టైలర్ పాల్. చావు కబురు చెప్పేది చివరిదే. వీటిని ఊరివాళ్ళు మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. మీరూ అలాగే పేర్లు గుర్తుపెట్టుకోండి, పాత్రల జాబితాలో కలిపేసుకోండి.

మీలాగే విసుక్కున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1945లో ‘ది న్యూయార్కర్’ పత్రికలో డిటెక్టివ్ నవలలన్నిటినీ కలిపి ఉతికేశాడు. పాఠకులు ఎంతో మెచ్చుకుని చదవమన్నారని ‘ది నైన్ టైలర్స్’ తీసి, ఏ రంగంలోనైనా తను చూసిన అతి నీరసమైన పుస్తకాల్లో ఇదొకటి అన్నాడు. గంటల గురించి ఉన్నదాంట్లో చాలామటుకు దాటేసుకుంటూ పోయానని ఆయనే చెప్పాడు. పల్లెటూరి మాటల్లోనూ చాలా వదిలేశాడట. నాకు విల్సన్ మీద గౌరవం ఉంది, కానీ ఆ తీర్పుని లెక్కలోకి తీసుకోను. వేరే నవలల్లో పల్లెటూరు ఒక తెర. తీసి నగరం తెర వేసినా హత్య అలాగే జరుగుతుంది. ఇందులో అలా కాదు. ఈ చర్చి, ఈ గంటలు, ఈ నేల, ఈ నీళ్ళు లేకపోతే ఈ నేరమే లేదు. వాటిని దాటేసినవాడికి మిగిలేది దొంగతనం చేసిన పచ్చల హారం ఒకటి, నలుగురైదుగురు అనుమానితులు. అంతవరకే చూస్తే నిజంగానే సాదా కథ.

నీళ్ళ సంగతికి వద్దాం. నా ఉద్యోగం ఇక్కడ పనికొచ్చింది.

ఈ కథ జరిగే ఫెన్స్ ప్రాంతం కేంబ్రిడ్జ్‌కి ఉత్తరంగా, వాష్ అనే సముద్రపు పాయ దాకా పరుచుకున్న చదునైన నేల. ఒకప్పుడు బురద, రెల్లు, చేపలు, జ్వరాలు. 17వ శతాబ్దంలో బెడ్‌ఫర్డ్ ప్రభువు, మరికొందరు డబ్బు పెట్టి, వెర్ముయ్డెన్ అనే డచ్ ఇంజనీరుని రప్పించి ఎండగట్టించారు. వంకర్లు తిరిగే ఊజ్ నది నీళ్ళని తిన్నగా సముద్రం వైపు పంపడానికి ఎరిత్ నుంచి డెన్వర్ వైపు, ఇరవై ఒక్క మైళ్ళ పొడవున ఒక కాలువ తవ్వారు. 1651కల్లా దాని పక్కనే రెండోది, వంద అడుగుల వెడల్పుతో. పోటు నీళ్ళు లోపలికి ఎగదన్నకుండా డెన్వర్ దగ్గర స్లూయిస్, అంటే తలుపులున్న అడ్డుకట్ట, కట్టారు.

ఎండగట్టాక కొత్త చిక్కు మొదలైంది. అక్కడి దక్షిణ భాగమంతా పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కల పొర. నీళ్ళు తీసేస్తే అది కుంచించుకుపోతుంది, గాలి తగిలి కరిగిపోతుంది. ఎంత బాగా ఎండగడితే నేల అంత కిందికి దిగుతుంది. 1851లో హోమ్ ఫెన్ అనేచోట ఒక ఇనుప స్తంభాన్ని తల నేలమట్టంగా ఉండేలా పాతారు. ఇప్పుడు అది నేల మీద నాలుగు మీటర్లు నిలబడి ఉంది. స్తంభం పెరగలేదు, నేల దిగింది. దాంతో కాలువలు గట్ల మధ్య ఎత్తున పోతుంటాయి, పొలాలు, ఇళ్ళు వాటికన్నా పల్లంలో ఉంటాయి. పొలం నీళ్ళని కాలువలోకి ఎత్తిపోయాల్సిందే. మొదట గాలిమరలతో, తర్వాత ఆవిరి పంపులతో, ఆ తర్వాత డీజిల్‌తో. 1713లో పోటూ వరదా ఒకేసారి వచ్చి డెన్వర్ స్లూయిస్ కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టడానికి దశాబ్దాలు పట్టింది, ఎందుకంటే పడవలవాళ్ళకి ఒకటి కావాలి, రైతులకి ఇంకొకటి కావాలి.

కోనసీమలోనో, కొల్లేరు పక్కనో పెరిగినవాళ్ళకి ఇందులో వివరించాల్సింది ఏమీ ఉండదు. సముద్రం పోటు మీద ఉంటే మన డ్రెయిన్ల నీళ్ళూ దిగవు, వెనక్కి ఎగదన్ని చేలల్లో నిలబడతాయి. గట్టుకి గండి పడితే ఎవరి శాఖ, ఎవరి ఖర్చు అన్న వాదన నీళ్ళకంటే ముందు మొదలవుతుంది. నవలలో స్లూయిస్ కాపలా ఉండే మనిషి ఒకడొస్తాడు. తలుపులు పాడయ్యాయి, బాగుచేయాల్సింది ఫలానావాళ్ళని వీళ్ళు, వీళ్ళని వాళ్ళు అంటున్నారు, అసలు ఈ స్లూయిస్ ఎవరిదో ఎవరికీ తెలీదు అంటాడు. అచ్చం మా లస్కర్లు (కాలువల కాపలావాళ్ళు) మాట్లాడినట్టే ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు గట్టిగా నవ్వాను. ఆమె దాన్ని హాస్యం కోసమే రాసిందనుకుని దాటేయకండి. కాలువల పేర్లు, ఏది ఎందులో కలుస్తుందో ఒక కాగితం మీద గీసుకోండి.

ఇవన్నీ ఆమెకి పుస్తకాల్లోంచి వచ్చినవి కావు. సేయర్స్ 1893లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. నాలుగేళ్ళ వయసులో ఉండగా తండ్రికి రెక్టర్ ఉద్యోగం వచ్చి కుటుంబం బ్లంటిషమ్‌కి మారింది. ఆ పారిష్ పూర్తి పేరు బ్లంటిషమ్-కమ్-ఎరిత్. పైన చెప్పిన కాలువ మొదలయ్యే ఎరిత్ అదే. రెక్టర్ ఇంట్లో, ఫెన్స్ అంచున, వరదల కబుర్లు వింటూ పెరిగిన పిల్ల. వెనబుల్స్‌ లాంటి మతిమరుపు, మంచితనం రెండూ ఉన్న రెక్టర్‌ని అంత ప్రేమగా రాయడంలో ఆశ్చర్యం లేదు. విచిత్రం ఏమిటంటే గంటల విద్య మాత్రం పుస్తకం చూసి నేర్చుకున్నదే, చిన్నప్పుడు అబ్బింది కాదు. ముందుమాటలో ఒక చురక ఉంటుంది చూడండి. మోటారు బండ్ల రొద, జాజ్ బ్యాండ్ల ఏడుపు భరించే ఈ తరం, దేవుడి పేర వచ్చే ఒక్క పెద్ద చప్పుడు మీద మాత్రం ఫిర్యాదులు చేస్తుందేమిటని. అదే ముందుమాటలో, లేని చర్చికి ప్లాన్ గీసిచ్చిన ఒకాయనకి కృతజ్ఞతలు చెబుతుంది. మీ కాపీలో చర్చి బొమ్మ గనక ఉంటే, కథలో ఎవరైనా చర్చి లోపల కదిలిన ప్రతిసారీ అది తీసి చూడండి.

పల్లె మనుషుల గురించి కొంచెం. ఊళ్ళో రెండు అధికారాలు: చర్చి తరఫున రెక్టర్, భూమి తరఫున స్క్వయర్, అంటే ఇక్కడ థార్ప్ కుటుంబం. కానిస్టేబులు, కమ్మరి, పబ్ నడిపేవాడు, సమాధులు తవ్వే సెక్స్‌టన్ వాళ్ళ చుట్టూ తిరుగుతారు. సెక్స్‌టన్ ఇంటిపేరు గోటుబెడ్. జోక్ అనుకోకండి, ఫెన్స్‌లో నిజంగా ఉన్న ఇంటిపేరే. వీళ్ళ యాస అచ్చుతప్పుల్లా కనిపిస్తుంది. పైకి చదవండి, చెవికి తెలిసిపోతుంది. శవం దొరికాక జరిగే ఇన్‌క్వెస్ట్ మన శవపంచనామా లాంటిది కాదు. కరోనర్ అనే అధికారి జ్యూరీని పెట్టి బహిరంగంగా జరిపే విచారణ. అప్పట్లో ఆ జ్యూరీ ఫలానావాడు హత్య చేశాడని పేరు కూడా చెప్పగలిగేది, 1977లో ఆ అధికారం తీసేశారు. డబ్బు లెక్కలకి పౌనుకి ఇరవై షిల్లింగులు, షిల్లింగుకి పన్నెండు పెన్నీలు. ఇక తేదీలు. పచ్చల దొంగతనం 1914లో జరుగుతుంది, యుద్ధం మొదలైన ఏడాది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఎవరు ఎక్కడున్నారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఈ కథకి ప్రాణం. యుద్ధం మాట ఎత్తినచోటల్లా నెమ్మదిగా చదవండి.

అయినా వంద పేజీల తర్వాత కూడా ఎక్కకపోతే పక్కన పెట్టండి, తప్పేం లేదు. అగాథా క్రిస్టీ 1930 నవల ‘ది మర్డర్ ఎట్ ది వికారేజ్’తో మొదలుపెట్టండి. అదీ చర్చి ఇల్లే, పల్లెటూరే, కానీ తేలిగ్గా పరుగెడుతుంది. ఆ తర్వాత సేయర్స్‌దే ‘మర్డర్ మస్ట్ అడ్వర్టైజ్’. ఆమె దాదాపు తొమ్మిదేళ్ళు లండన్‌లో ఒక ప్రకటనల కంపెనీలో కాపీ రాసింది, ఆ ఆఫీసు గాలంతా అందులో ఉంటుంది. విమ్సీ నవలలు చాలావరకు విడివిడిగా చదువుకోవచ్చు. వరస పాటించాల్సింది విమ్సీ ప్రేమించే హ్యారియెట్ వేన్ వచ్చేవాటికి మాత్రమే.

కాపీ విలువ. మీరు చెప్పిన ఆనవాళ్ళని బట్టి (న్యూ ఇంగ్లిష్ లైబ్రరీ ముద్రణ, వెనక పెన్నీల్లో ధర) అది చవక పేపర్‌బ్యాక్. లక్షలు పలికేది 1934లో లండన్‌లో విక్టర్ గొలాంజ్ వేసిన మొదటి ముద్రణ గట్టి అట్ట పుస్తకం, అదీ పసుపు రంగు పై కవరు చెక్కుచెదరకుండా ఉంటే. పై కవరు లేకపోతే ధర ఎక్కడికో పడిపోతుంది. ఎప్పుడైనా గొలాంజ్ పుస్తకం చేతికి తగిలితే టైటిల్ పేజీ వెనక చూడండి. తర్వాతి ముద్రణల వరస అక్కడ రాసి ఉంటే అది మొదటిది కాదు. ఆకుపచ్చ కవరు పెంగ్విన్ డిటెక్టివ్ నవలలు కూడా కొందరు దాస్తారు. 1935 జులైలో ఆరేసి పెన్నీలకి వచ్చిన మొదటి పది పెంగ్విన్లలో ఐదో నంబరు సేయర్స్‌దే, ఆరోది క్రిస్టీది. అబిడ్స్ గుట్టల్లో 1950, 60ల నాటి పెంగ్విన్ క్రైమ్ ఇప్పటికీ కనిపిస్తుంది, ఆ కాలంవైతే వందో రెండొందలో పెట్టి కొనడం తప్పు కాదు. మీ కాపీలో లైబ్రరీ స్టాంపు ఉందన్నారు. దాని మీద ‘విత్‌డ్రాన్’ అనో, రద్దు చేసినట్టో ముద్ర ఉందేమో చూడండి. లేకపోతే ఆ లైబ్రరీ ఇంకా నడుస్తోందేమో కనుక్కుని ఒక ఫోన్ చేయడం మర్యాద.

వాసనకి ఎండలో మాత్రం పెట్టకండి. ఆ కాలపు పేపర్‌బ్యాక్ కాగితంలో ఆమ్లం ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా పెళుసవుతుంది, వీపు జిగురు ఎండి పేజీలు రాలతాయి. ముందు పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, వారం రోజులు ఫ్రీజర్లో ఉంచండి. పురుగులుంటే చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే తెరవకండి, ఒక రోజు మామూలు వేడికి రానివ్వండి, లేకపోతే చెమ్మ పడుతుంది. తర్వాత మూత ఉన్న డబ్బాలో అడుగున గిన్నెలో వంటసోడా పోసి, పుస్తకానికి తగలకుండా పైన జాలీ మీద నిలబెట్టి పది రోజులు వదిలేయండి. వాసన చాలావరకు పోతుంది. బూజు మచ్చలుంటే మెత్తటి పొడి బ్రష్‌తో, మాస్కు కట్టుకుని, డాబా మీద దులపండి. కలరా ఉండలు పెడితే ఆ వాసన పుస్తకం చచ్చేదాకా వదలదు. ఊడిన పేజీలకి సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్ళకి అది గోధుమరంగు జిగురు మరకై అక్షరాల మీద కూర్చుంటుంది. చదివేటప్పుడు పుస్తకాన్ని పూర్తిగా విప్పి బల్ల మీద పరచకుండా, సగం తెరిచి పట్టుకోండి.

ఇవన్నీ చేసే ముందు ఒక పని చేయండి, ఈ రాత్రే. మొదటి నుంచి చివరిదాకా పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో తిప్పి చూడండి, చివరి ముప్పై పేజీల దగ్గర కళ్ళు సగం మూసుకుని. ఫుట్‌పాత్ డిటెక్టివ్ నవలల్లో పోయేవి ఎప్పుడూ ఆ పేజీలే. మార్జిన్లో పాత యజమాని పెన్సిల్ రాతలుంటే అవీ చదవకండి. కాలేజీ కుర్రాళ్ళు పాత్రలు పరిచయమయ్యే చోటే హంతకుడి పేరు కింద గీత గీసి పెట్టే అలవాటు దేశమంతటా ఉంది. పేజీలు పోయాయని తేలినా దిగులు లేదు. సేయర్స్ 1957 డిసెంబరులో పోయింది. రచయిత పోయాక అరవై ఏళ్ళ లెక్కన మన దేశంలో 2018 జనవరి నుంచి ఆమె రచనల మీద హక్కులు తీరిపోయాయి, కాబట్టి ఇక్కడ ఈ-బుక్ చదువుకోవడానికి అడ్డు లేదు. ఇంగ్లండ్‌లో అది డెబ్భై ఏళ్ళు, 2027 చివరిదాకా ఆగాలి. ఈ లెక్కన మన దగ్గర దీన్ని తెలుగు చేయడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. డెల్టా మాట తెలిసిన మనిషి ఎవరైనా పూనుకుంటే, కాలువల అధ్యాయాలకి పదాలు నేను ఇస్తాను. గంటల అధ్యాయాలు వాళ్ళే చూసుకోవాలి.